కార్డు వేసినవాడే తియ్యాలి

అప్పట్లో మేం హిందీవాళ్ళ ఊళ్ళో, స్టీలు ప్లాంటు టౌన్‌షిప్‌లోని ఒక సెక్టార్‌లో, ప్లాంటు క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్నది ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. ఒక మే నెల మధ్యాహ్నం కూలర్ మోటారు గరగరమంటోందని విప్పాడు, నూనె వేశాడు, మళ్ళీ బిగించాడు, ఒక స్క్రూ తక్కువైందని సైకిలెక్కి బజారుకి వెళ్ళాడు. వెళ్ళేముందు కూలర్ స్విచ్‌కి తన ఎర్ర కార్డు తగిలించాడు.

ఆ కార్డు సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. ప్లాంటులో ఎవరైనా మెషీను మీద పనికి దిగేముందు దాని స్విచ్ దగ్గర ఒక ఎర్ర అట్ట తగిలిస్తారు. పని జరుగుతోంది, స్విచ్ వెయ్యకూడదు అని పైన ఉంటుంది, కింద తగిలించినవాడి పేరు. ఎవరు తగిలించారో వాళ్ళే తియ్యాలి. పెద్ద ఆఫీసరు వచ్చి నిలబడినా ఇంకొకరు దాన్ని ముట్టుకోరు. లోపల మనిషి ఉంటాడు మరి. నాన్న ఆ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చేశాడు. ఫ్యానుకి కార్డు, నీళ్ళ మోటారుకి కార్డు, ఆఖరికి అమ్మ మిక్సీకి కూడా కార్డు.

ఆ రోజు బజారులో నాన్నకి మా విజయనగరం వైపు మనిషెవరో కనబడ్డాడు. ఇంకేముంది, మాటల్లో పడ్డాడు. ఇక్కడ కూలర్ బిగించే ఉంది, నీళ్ళు పోసే ఉన్నాయి, స్విచ్ వేస్తే చాలు. అమ్మా, నేనూ, మా ఇంటికి కూలర్ గాలి కోసమే వచ్చిన పక్కింటావిడా తడి తువ్వాళ్ళు మెడకి చుట్టుకుని ఆ కార్డు వైపు చూస్తూ కూర్చున్నాం గానీ ఒక్కరం కూడా చెయ్యి పెట్టలేదు. పక్కింటాయనదీ ప్లాంటు ఉద్యోగమే. ఇంకే ఊళ్ళోనైనా ఈ మాట చెప్తే మమ్మల్ని పిచ్చివాళ్ళంటారు. నాన్న వచ్చి, కార్డు తీసి, స్విచ్ వేసి, ఇంత ఉక్కలో ఎలా కూర్చున్నారని మమ్మల్నే అడిగాడు.

ఇదంతా పాత కథ. ఇప్పుడు నాన్న రిటైరై చాలా కాలమైంది. స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. నేనూ మా ఆయనా ఉండేది ఆ వెనక వీధిలోనే. క్యాంప్ 2 అనే పేటలో నాకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. మధ్యాహ్నం షట్టర్ సగం దించి అమ్మావాళ్ళింటికొచ్చి, అన్నం తిని, మళ్ళీ వెళ్తుంటాను. నేను అలా వచ్చేది అన్నం కోసమే కాదు, అమ్మకి పెద్దమ్మని చూపించడానికి కూడా.

పెద్దమ్మ అంటే అమ్మకి సొంత అక్క. బొబ్బిలి దగ్గర పల్లెలో కొడుకు ఇంట్లో ఉంటుంది. చెవులు ఎప్పుడో పోయాయి. పక్షవాతం వచ్చి మాట కూడా పోయింది. మిగిలినవి ఎడం చెయ్యీ, కళ్ళూ, కనుబొమలూ. వాటితోనే మాట్లాడుతుంది. బుగ్గ మీద వేలు నొక్కితే చిక్కిపోయావని. చెవి తమ్మె పట్టుకుంటే దుద్దులేవని. నోటి దగ్గరికి చెయ్యి తెచ్చి కనుబొమ ఎగరేస్తే ఏం కూర అని. అమ్మ ఇక్కడినుంచి అలాగే చేతులూపి జవాబు చెప్తుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ నోరు మెదపకుండా గంటసేపు కబుర్లు చెప్పుకుంటారు. ముందు గదిలో ఉన్న పాత కంప్యూటర్‌కి కెమెరా తగిలించి ఈ ఏర్పాటు చేసింది నేనే.

ఫోనులో చూసుకోవచ్చు కదా అని అందరూ అంటారు. చక్కెర జబ్బు అమ్మ కళ్ళని సగం తినేసింది. ఫోనులో పెద్దమ్మ ముఖం ఆమెకి మసక మచ్చ. కనిపించడానికి ఫోను కంటికి ఆనించుకుంటుంది, అప్పుడు అవతల పెద్దమ్మకి కనిపించేది అమ్మ చెవి, లేకపోతే మా సీలింగ్ ఫ్యాను. కంప్యూటర్ తెర మీదైతే ముఖం పళ్ళెమంత కనిపిస్తుంది. అమ్మావాళ్ళ టీవీ మరీ పాతది, దానికి ఇవేవీ కలవవు. మా ఆయనకి ఆఫీసు లాప్‌టాప్ ఉంది గానీ అది జాముల్ సిమెంటు ప్లాంటు గేటు దాటి బయటికి రాదు.

అలాంటి కంప్యూటర్‌కి యాంటీవైరస్ శని పట్టుకుంది.

దాని గడువు ఎప్పుడో అయిపోయింది. అయినా వదిలిపోదు. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది అంటూ పెద్ద పెట్టె ఒకటి సరిగ్గా పెద్దమ్మ ముఖం మీదకి వచ్చి కూర్చునేది. దాన్ని మూస్తే కాసేపటికి ఇంకొకటి. మొదట్లో తిట్టుకుంటూ మూసేదాన్ని. ఒక రోజు ఏమైందో, కెమెరాని కూడా ఆపేసింది. ఎవరో మిమ్మల్ని చూడాలని ప్రయత్నిస్తున్నారు, మేం అడ్డుకున్నాం అని చెప్పింది. చూడాలని ప్రయత్నిస్తున్నది పెద్దమ్మ. కంచే చేను మేసిందంటే ఇదే కదా. నాకు ఒళ్ళు మండిపోయింది.

తీసి పారేద్దామని కూర్చున్నాను. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి దాని పేరు మీద నొక్కితే, తీసెయ్యాలంటే పాస్‌వర్డ్ కొట్టమంది. కెమెరాకి అనుమతి ఇవ్వాలన్నా అదే పాస్‌వర్డ్. అది పెట్టింది నాన్న. వెనకోసారి ఎవడో ఫోన్ చేసి, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, నేను చెప్పినట్టు నొక్కండి అని అమ్మని అడిగాడట. అమ్మ పాపం నొక్కబోయింది. నాన్న చూసి ఫోన్ కట్ చేసి, ఇంట్లో ఎవరూ ఎవరి మాటా విని ఆ రక్షణ తీసెయ్యకుండా దానికి పాస్‌వర్డ్ వేశాడు. అప్పుడు మంచి పనే చేశాడు, కాదనను.

పాస్‌వర్డ్ చెప్పమని అడిగాను. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఎవుడు కార్డు ఏసినాడో ఆడే తియ్యాల. నానేసేను, నానే తీస్తాను."

"అయితే తియ్యి నాన్నా. అమ్మ కూచునుంది."

"సాయంత్రం తీస్తాన్లే."

ఏ సాయంత్రమో చెప్పలేదు. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. ఇది ఇల్లు, బ్లాస్ట్ ఫర్నేసు కాదు అని నేనన్నాను. విననట్టు పేపరు తిప్పాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి ఆయన, చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే కదా అనుకున్నాను.

క్యాంప్ 2లో నా దుకాణం పక్కన కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి తీసుకొచ్చాను. అతను కుర్చీలో కూర్చోకుండానే, "దీదీ, ఫార్మాట్ మార్ దేతా హూఁ" అన్నాడు. అంటే మొత్తం తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం. నాన్న లేచి కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడ్డాడు. ఒక స్విచ్ పాడైతే షాపు మొత్తం కూలగొడతావా అని హిందీలో అడిగాడు. ప్లాంటువాళ్ళకి షాపంటే మెషీన్లుండే షెడ్డు. అందులో ఇంటి ఫోటోలన్నీ ఉన్నాయి, అది నిజమే. ఆ అబ్బాయి నా వైపు చూసి, అంకుల్ ఒప్పుకున్నాక పిలవండి అని చెప్పి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆ యాంటీవైరస్ కంపెనీ నంబరుకి నేనే ఫోన్ చేశాను. చాలాసేపు పాటలు వినిపించాక ఒకమ్మాయి పలికింది. పాస్‌వర్డ్ మరిచిపోతే మెయిల్‌కి కొత్తది పంపుతాం అంది. ఆ మెయిల్ కూడా నాన్నదే, దానికి ఇంకో పాస్‌వర్డ్. తాళంచెవి పెట్టెలో పెట్టి ఆ పెట్టెకి తాళం వేసినట్టుంది ఈ వ్యవహారం. నేను విసుక్కుంటే ఆ అమ్మాయి ఓపిగ్గా ఇంకో దారి చెప్పింది. తీసెయ్యడానికి వాళ్ళదే వేరే సాధనం ఉందట. కంప్యూటర్‌ని సేఫ్ మోడ్‌లో, అంటే అవసరమైనవి మాత్రమే నడిచేలా తెరిచి, దాన్ని నడిపితే పాస్‌వర్డ్ అడగదట. లింకు ఫోనుకి పంపింది. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను.

దారి దొరికింది కదా, నాన్నకి చెప్పకుండా చేసెయ్యొచ్చు. ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే పెన్ డ్రైవ్ పట్టుకుని కూర్చున్నాను కూడా. కానీ చెయ్యి రాలేదు. ఆయన కార్డు వేసిన స్విచ్ మీద ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు. నా మీద నాకే కోపమొచ్చి, పెన్ డ్రైవ్ బ్యాగులో పడేసి దుకాణానికి వెళ్ళిపోయాను.

ఈలోగా ఫోన్‌లో చూపించే ప్రయత్నాలు సాగుతూనే ఉన్నాయి. నేను ఫోను దూరంగా పట్టుకుంటే పెద్దమ్మకి చెల్లెలు బాగానే కనిపించేది. ఆమె బుగ్గ నొక్కేది, చెవి పట్టుకునేది, కనుబొమ ఎగరేసేది. అమ్మకేమీ కనిపించక ఊరికే నవ్వుతూ కూర్చునేది. పెద్దమ్మ మళ్ళీ చెయ్యి ఊపేది. అమ్మ మళ్ళీ నవ్వేది. అక్క ఏం చేస్తోందో నేను చెవిలో చెప్తుంటే, అది విని అమ్మ జవాబు చెప్పేలోపు పెద్దమ్మ చెయ్యి దించేసేది. ఒక రోజు ఉదయం అక్కణ్ణించి పెద్దమ్మ కోడలు, మా వదిన, ఫోన్ చేసింది.

"పిన్నికి కోపమొచ్చిందనుకుంటంది అత్త. ఫోను సూపిస్తే కళ్ళు మూసీసుకుని గోడేపు తిరిగి తొంగుంటంది. అన్నం కూడా సరిగ్గా తిన్నేదు. పెద్ద తెర మీద ఒకపాలి సూపించు వదినా, ఆలిస్యం సెయ్యకు."

ఆ మాట విన్నాక నాకు ఆగబుద్ధి కాలేదు. దుకాణం తెరవకుండా నేరుగా అమ్మావాళ్ళింటికి వెళ్ళాను. ఈ రోజు నాన్నతో తాడోపేడో తేల్చుకోవాలని దారంతా మాటలు కూడగట్టుకున్నాను.

వీధి తలుపు తెరిచే ఉంది. అమ్మ స్నానానికి వెళ్ళినట్టుంది. నాన్న కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు, వీపు నా వైపు. ఒక వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతున్నాడు. కొట్టాక తెర మీద గడి అటూ ఇటూ ఊగి ఖాళీ అయిపోయింది. ఆయన కాసేపు ఆలోచించి ఇంకోటి కొట్టాడు. మళ్ళీ ఊగింది. నెమ్మదిగా తనలో తను ఏవో పేర్లు చెప్పుకుంటున్నాడు. మా ఊరి పేరు, క్వార్టర్ నంబరు, నా ముద్దుపేరు, చనిపోయిన నాయనమ్మ పేరు. ఒక్కొక్కటీ కొట్టి చూస్తున్నాడు. చాలాసార్లు తప్పు కొట్టారు, కాసేపాగి రండి అని తెర మీద వచ్చింది. అది ఆయనకి కొత్త కాదని అర్థమైంది. ఆశ్చర్యపోకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

తేల్చుకోవాలని వచ్చినదాన్ని గడప దగ్గరే ఆగి, తలుపు పక్కకి జరిగాను.

అప్పుడు మిగతావి గుర్తొచ్చాయి. ఈమధ్య ఒకసారి కూరగాయలకని సైకిలు మీద వెళ్ళి, ఇంటికి రావడానికి బదులు సెక్టార్‌లో మా పాత క్వార్టర్‌కి వెళ్ళిపోయాడు. అక్కడ ఉంటున్నవాళ్ళు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి పంపారట. కాళ్ళకి అలవాటైపోయిందని ఆయన నవ్వాడు, మేమూ నవ్వాం. రెండుసార్లు పాలగిన్నె మాడి నల్లగా అయిపోయింది. మధ్యాహ్నం టీ పెట్టుకునేది నాన్న. మాడబెట్టింది తనేనని అమ్మ చెప్పింది. కళ్ళు కనబడక అంది. నేను నమ్మాను. నమ్మినందుకు ఇప్పుడు ఏడుపొచ్చింది.

చప్పుడు చేసి లోపలికి వెళ్ళాను. నాన్న గబుక్కున తెర మీది గడి మూసి, నెట్ లైను బాగోలేదన్నాడు. ఎందుకు నెమ్మదిగా మాట్లాడానో తెలియదు గానీ, ఆయన పక్కనే పేము మోడా లాక్కుని కూర్చుని, వేరే సంగతి అడిగినట్టు అడిగాను. మీ షాపులో ఎవరైనా కార్డు వేసి, తియ్యడం మరిచిపోయి ఇంటికెళ్ళిపోతే అప్పుడేం చేసేవారని.

ప్లాంటు మాట ఎత్తితే నాన్న గొంతు మారిపోతుంది. వివరంగా చెప్పాడు. ముందు వాడి ఇంటికి మనిషిని పంపిస్తారు. అన్నం ముందు కూర్చున్నా సరే, చెయ్యి కడిగించి తీసుకొస్తారు. వాడొచ్చి తన చేత్తో తియ్యాలి. ఊళ్ళో లేడనుకో, ఎంత వెతికినా దొరకలేదనుకో, అప్పుడు ఇద్దరు మనుషులు టార్చి పట్టుకుని మెషీను ఈ చివర్నించి ఆ చివరిదాకా నడిచి చూస్తారు. లోపల ఎవరూ లేరని ఇద్దరూ నోటితో చెప్పాలి. అప్పుడు ఇన్‌చార్జి అందరి ముందూ ఆ కార్డు దారం కోస్తాడు. దొంగచాటుగా కాదు, అందరి ముందూ. తన సర్వీసులో అలా కోసినవి చాలా తక్కువని కూడా చెప్పాడు.

చెప్పి ఆగిపోయాడు. నేను ఎందుకడిగానో ఆయనకి తెలిసిపోయింది. స్నానాల గదిలో అమ్మ చెంబు చప్పుడు వినిపిస్తోంది.

"కార్డు ఏసిన మనిషి దొరకనేదు," అన్నాడు నాన్న. నా వైపు చూడలేదు, తెర వైపే చూస్తున్నాడు. "సానా ఎతికేను అమ్మీ. రోజూ ఎతుకుతన్నాను. లేడు. కోసీ."

సరేనని తల ఊపి, బ్యాగులోంచి పెన్ డ్రైవ్ తీశాను.

అయినా పద్ధతి తప్పనివ్వలేదు ఆ మనిషి. అమ్మ తల తుడుచుకుంటూ వస్తే ఆవిణ్ణి కూడా పిలిచి నిలబెట్టాడు. కంప్యూటర్ మీద ఇంకే పనీ జరగడం లేదు కదా అని నన్ను చూడమన్నాడు. తెరిచి ఉన్నవన్నీ మూసి, లేదని నోటితో చెప్పాను. అమ్మని కూడా చెప్పమన్నాడు. అమ్మకి తెర మీది అక్షరాలు కనబడవు, అయినా లేదంది. నా మొగుడికి ప్లాంటు పిచ్చి ఎక్కడికీ పోలేదని కూడా అంది. అప్పుడు పెన్ డ్రైవ్ పెట్టనిచ్చాడు.

షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టాను. నీలం తెర వచ్చింది. ఆ అమ్మాయి చెప్పిన వరసలో ఒక్కొక్కటీ నొక్కుతూ వెళ్తే సేఫ్ మోడ్ వచ్చింది. నల్లటి తెర, పెద్ద పెద్ద అక్షరాలు. సాధనం నడిపించాను. వంకరటింకర అక్షరాల బొమ్మ చూపించి అవి కొట్టమంది. నాన్న చదివాడు, నేను కొట్టాను. ఒక్కటి కూడా తప్పు చదవలేదు. ఆకుపచ్చ గీత నత్తలా సాగింది. మధ్యలో ఆగిపోతే నేను విసుక్కున్నాను, ఆగమ్మా మోటారు తిరగడానికి టైము పడుతుంది అన్నాడు. అయిపోయిందని, మళ్ళీ రీస్టార్ట్ చెయ్యమని చెప్పింది. చేశాను. గడియారం పక్కన ఎప్పుడూ మిడిగుడ్లేసుకుని చూసే ఆ యాంటీవైరస్ బొమ్మ లేదు. పెట్టె రాలేదు. కంప్యూటర్‌తో పాటే వచ్చిన రక్షణ తనంత తనే మొదలైంది. దానికి పాస్‌వర్డ్ వెయ్యాలా అని నాన్నని అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

వదినకి ఫోన్ చేసి కెమెరా తెరిచాను. అమ్మ తడి జుట్టుతోనే తెర ముందు కూర్చుంది. అవతల మంచం కనిపించింది, మంచం మీద గోడవైపు తిరిగిన తెల్లటి తల. వదిన భుజం తట్టింది. ఇంకోసారి తట్టింది. పెద్దమ్మ తిరగడానికి చాలాసేపు పట్టింది. తిరిగాక కూడా ఫోను వైపు అనుమానంగా చూసింది. అమ్మ ఆగలేదు. బుగ్గ మీద వేలు నొక్కి, చిక్కిపోయావే అన్నట్టు తల అడ్డంగా ఊపింది. పెద్దమ్మ కనుబొమ లేచింది. ఎడం చెయ్యి పైకి లేచి చెవి తమ్మె పట్టుకుంది. దుద్దులేవని. స్నానానికి తీసేశానని అమ్మ చేత్తో చెప్పింది. చెప్తూ ఏడుస్తోంది, ఆవిడా అవతల ఏడుస్తోంది. ఇద్దరినీ వదిలేసి నేను వంటింట్లోకి వచ్చాను.

నాన్న అక్కడున్నాడు. అటక మీది పాత డబ్బా దించి ఎర్ర కార్డులు తీశాడు. ఒకదాని మీద తన పేరు ఎప్పటిదో వెలిసిపోయి ఉంది. దాన్ని గ్యాస్ సిలిండర్ మీటకి దారంతో కట్టాడు. ఇంకొకటి ఖాళీది, దాన్నీ ఒక పెన్నునీ నాకిచ్చాడు. ప్లాంటులో ఒకే మెషీను మీద రెండు షాపులవాళ్ళు పనిచేస్తే రెండు కార్డులు వేస్తారు. ఇద్దరూ తీస్తే తప్ప అది తిరగదు.

"నా కార్డు పక్కన నీదీ ఎయ్యి," అన్నాడు. "నానొక్కడినీ ఎలిగించకూడదు."

పెన్ను ఎండిపోయి సరిగ్గా రాయలేదు. రెండుసార్లు దిద్ది నా పేరు రాసి, ఆయన కార్డు పక్కన కట్టాను.